రిజిస్టర్‌లో మొదటి సంతకం

పెద్దవంగర దగ్గరి మా ఊళ్లో ఆ సెల్ టవర్‌ను చూస్తే నాకు ఇప్పటికీ అసహ్యం. నా సంతకం చూసుకుంటే ఇంకా ఎక్కువ అసహ్యం.

టవర్ వేసింది మా పక్కింటి అవ్వ గోడకు ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో. బిడ్డ కూలికి పోతే, ఏడాది నిండని మనవరాలిని పగలంతా అవ్వే చూసుకుంటుంది. టవర్ వద్దని ఆమె మొండికేయలేదు. "పసిపిల్ల పండుకునే జాగ సారూ. గా రేడియేషన్ ఎంతుంటదో కొలిచి, ఏం కాదని ఎవలన్న రాసిస్తే సాలు" అంది.

నేను రిటైరైన బడిపంతులిని. ఆమె తరఫున హైకోర్టులో రిట్ వేయించాను. ఇళ్ల మధ్య టవర్‌కు అనుమతిచ్చే ముందు పరిశీలన జరగాలని, ఎప్పుడో పెట్టిన రేడియేషన్ పరిమితులను పసిపిల్లలను లెక్కలోకి తీసుకుని మళ్లీ చూడాలని అడిగాం. మహబూబాబాద్‌లో రైలెక్కడం, హైదరాబాద్‌లో వకీలు చుట్టూ తిరగడం, ఆ ఏడంతా నాకు అదే పని.

అధికారులు కొలిచామన్నారు. కొలిచిన మాట నిజమే. టవర్‌కు ఇంకా కరెంటే ఇవ్వని రోజు వచ్చి, యంత్రం పైకెత్తి పట్టుకుని, చాయ్ తాగి, అంతా పరిమితిలోనే ఉందని రాసుకుని పోయారు. ఆగిపోయిన పిండి గిర్నీ ముందు నిలబడి చప్పుడు లేదని రాసినట్టు. సిగ్గూశరం లేని మనుషులు.

అయినా గెలుస్తామనే అనుకున్నాను. అప్పుడు వకీలు, అధికారులు కోర్టులో వేసిన జవాబులోని చివరి కాగితం నా ముందు పెట్టాడు. టవర్‌కు అభ్యంతరం లేదని మా గ్రామసభ చేసిన తీర్మానం. కింద సంతకాలు. మొదటిది నాది. దాని కింద అవ్వది.

ఆ సభ జరగనే లేదు. మా ఊళ్లో సభకు ఎవరూ రారు కాబట్టి, పంచాయతీలో కాగితాలు చూసే కారోబార్ రిజిస్టర్ చంకన పెట్టుకుని ఇంటింటికీ వస్తాడు. హాజరు కోసమంటాడు. ఖాళీ పేజీ అడుగున మనం సంతకం పెడతాం, పైన కావలసింది వాళ్లు తర్వాత రాసుకుంటారు. ఏళ్లుగా ఇదే తంతు. చదువుకున్నవాణ్నని ముందు నా దగ్గరికే వస్తాడు. పేపర్లోంచి తలెత్తకుండా గీకి పంపేవాణ్ని. థూ, నా చదువు.

కేసు నిలవదన్నాడు వకీలు. నిలవలేదు. ఊరికొచ్చి అవ్వకు జరిగింది చెప్పాను. చాటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది.

"నేను సూసే పెట్టిన సారూ. పైన నీ సంతకం ఉన్నది గద" అంది.

వయోజన విద్య రోజుల్లో ఆమెకు వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పింది నేనే.

మొన్న కారోబార్ మళ్లీ వచ్చాడు. నేను అరుగు మీద పేపర్ చదువుకుంటున్నాను. రిజిస్టర్ తెరిచి ముందు పెట్టాడు. నా చెయ్యి దానంతటదే పెన్ను అందుకుంది. పేజీ మీద మొదటి అక్షరం పడ్డాక తలెత్తాను. గోడ అవతల పిల్లను చంకనేసుకుని అవ్వ నిలబడి ఉంది. లోపలికి పోయి తలుపేసుకుంది.