అన్నయ్యకి చెప్పని పరీక్ష

ఈ మాట ఏళ్ళ తరబడి దాచుకున్నాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెబుతున్నాను. మా అన్నయ్య చావులో నా చెయ్యి ఉంది.

నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చారు. అక్కడి రిసాలి కాలనీ క్వార్టర్లో నేనూ అన్నయ్యా పెరిగాం. మైక్రోబయాలజీ ఎమ్మెస్సీలో ఉండగా ప్రాక్టికల్స్‌కి మా రక్తం మేమే పరీక్షించుకున్నాం. నా రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉందని తేలింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. ఇది పుట్టుకతోనే అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చనీ, తోబుట్టువులకీ పరీక్ష చేయించమనీ మా మేడమ్ చెప్పారు. అమ్మ అప్పటికే గుండెజబ్బుతో పోయింది. అన్నయ్యకి చెప్పలేదు. నాకు సంబంధం కుదిరేలా ఉంది, బయటపడితే చెడిపోతుందని భయం. ఆ సంబంధం వేరే కారణంతో తప్పిపోయింది. అయినా నోరు విప్పలేదు. ఇక దేనికి భయపడ్డాను? ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతాడనా?

నేను మాత్రం గుట్టుగా రాయ్‌పూర్ వెళ్ళి నా లివర్ చూపించుకుంటూనే ఉన్నాను.

తర్వాత పక్కనే ఉన్న దుర్గ్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఈ వైరస్ లివర్ కణం కేంద్రకంలో చిన్న డీఎన్ఏ వలయంగా దాక్కుంటుందనీ, మందులు దాన్ని అణచగలవే తప్ప పూర్తిగా తుడిచెయ్యలేవనీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడితే అణిగి ఉన్నది విజృంభించవచ్చనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని.

అన్నయ్యకి కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళు వాచి తన షాపు షట్టరు ఎత్తలేకపోయేవాడు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాను. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులే రాస్తూ, ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉందా అని ఆయన హిందీలో అడిగాడు. అన్నయ్య నా వైపు తిరిగాడు.

“ఏటే, మనింట్లో ఎవులికైనా ఉందేటి? చదువుకున్నదానివి, నీకే తెలుస్తాది.”

“ఎవరికీ లేదన్నయ్యా.”

“నహీఁ హై, డాక్టర్ సాబ్,” అన్నాడు నవ్వుతూ.

పరీక్ష చేయించకుండా ఆ మందులు ఇవ్వకూడదు కదా అని ఎన్నాళ్ళో ఆ డాక్టరు మీదకి నెట్టి బతికాను. కానీ ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

వేళ్ళ వాపు తగ్గింది. కొన్ని నెలలకి కళ్ళు పచ్చబడ్డాయి. పెద్దాసుపత్రిలో వైరస్ పేరు చెప్పారు. దానికి మందు మొదలుపెట్టేసరికే లివర్ పాడైపోయింది. అన్నయ్య దక్కలేదు. వదినకీ వాళ్ళ పాపకీ పరీక్షలు చేసి, ఏమీ లేదని టీకాలు వేశారు.

అంతటితో అయిపోలేదు. ఎక్కడెక్కడ తిరిగి తెచ్చుకున్నాడోనని చుట్టాలు గుసగుసలాడారు. వదిన కూడా అదే నమ్మిందని నాకు అర్థమైంది. గోడకున్న అన్నయ్య ఫోటో తీసేసింది. అప్పుడైనా చెప్పానా? లేదు. చచ్చిపోయినవాడి మీద నింద పడుతుంటే, నా గుట్టు నిలబడిందని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరినే నేను క్షమించుకోలేను.

మొన్న ఆదివారం స్మృతి నగర్‌లో వదిన ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. నాకూ ఉందని, అమ్మ నుంచే మా ఇద్దరికీ వచ్చి ఉంటుందని, అన్నయ్య ఏ తప్పూ చెయ్యలేదని. వదిన స్టవ్ ఆర్పింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు ఏడుపు వినిపించింది. ఎవరి కోసమో అడగలేదు. వచ్చేశాను.

ఆమె ఇంకా ఫోన్ చెయ్యలేదు. చేస్తుందని ఎదురుచూడటం లేదు. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. నిజం మాత్రం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే లేదు.