గట్టిగా మాట్లాడే అమ్మాయి

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీలో ఇంజనీర్‌ని. సూరత్‌లో ఇంటి నుంచే పని. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలు కూడా చేస్తాను. ఒకసారి రజిత అనే అమ్మాయి వచ్చింది. మొదటి మాటకే నేను హెడ్‌ఫోన్ సౌండ్ తగ్గించుకున్నాను. అంత గట్టిగా మాట్లాడింది. మధ్యలో వీడియో ఆగిపోతే, నా మాట వినిపిస్తూనే ఉన్నా, మళ్లీ చెప్పమంది. ఆమెకు పెదాలు కనబడాలి. నాకు అర్థమైపోయింది, సాంచాల పక్కన పెరిగిన పిల్ల. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ మోతలో పెరిగినవాళ్లకు మామూలు గొంతే అది, ఎదుటివాళ్ల మాటనూ పెదాలు చూసే పట్టుకుంటారు.

నాకెలా తెలుసంటారా? మా అమ్మానాన్నలు తెలంగాణ నుంచి వచ్చి ఈ సూరత్ పక్కనే కడోదరాలో సాంచాలు నడిపారు. నేనూ అలాగే మాట్లాడేదాన్ని. హాస్టల్లో అందరూ నవ్వితే, బాత్రూం తలుపేసుకుని గొంతు తగ్గించడం నేర్చుకున్నాను. ఆఫీసులో మాత్రం మాది బట్టల వ్యాపారమని చెప్పుకున్నాను.

రజిత కోడ్ చక్కగా రాసింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. చివర్లో నా పేరు చూసి అడిగింది.

"మేడం, మీరు తెలుగోళ్లేనా? మాది కడోదరా. మా అమ్మ సాంచాల మీద పని చేస్తది. మీదేడ?"

"హైదరాబాద్," అన్నాను.

"గట్లనా. నేను జర గట్టిగ మాట్లాడుతున్ననా మేడం?"

"లేదు, బాగానే ఉంది."

తర్వాత, ఇంటర్వ్యూ చేసినవాళ్లమంతా కలిసి మీటింగ్‌లో కూర్చున్నాం. ఆమె పని అందరికీ నచ్చింది. ఒకాయన మాత్రం, ఆ అమ్మాయి అలా అరుస్తుందేంటి, నలుగురితో కలిసి పనిచేయగలదా అని అనుమానపడ్డాడు. కారణం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. "టీమ్‌లో ఇమడడం కష్టమే," అన్నాను. ఆమెను వద్దనుకున్నారు.

ఎందుకన్నాను? నీకెలా తెలుసని అడుగుతారన్న భయమా? చాలాకాలం అదే అని నన్ను నేను నమ్మించుకున్నాను. నిజం ఇంకా చెడ్డది. నేను అంత సిగ్గుపడి, అంత ఏడ్చి చంపుకున్న గొంతుతోనే ఆమె ఏ బెరుకూ లేకుండా లోపలికి వచ్చేస్తుంటే ఓర్వలేకపోయాను. అది కడుపుమంట.

మర్నాడు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి మళ్లీ ఆలోచించమన్నాను. అయిపోయింది, కావాలంటే ఏడాది తర్వాత అప్లై చేసుకోమనండి అన్నారు. ఏడాది తిరిగేలోపే కంపెనీ ఉన్నవాళ్లను తీసేయడం మొదలుపెట్టింది. ఆమె నంబరు నా దగ్గర లేదు. ఉన్నా ఏమని చెప్పను?

మొన్న అమ్మకైనా చెబుదామనుకున్నాను. సాంచాల దగ్గర పనిచేసీ చేసీ అమ్మకు చెవులు పోయాయి. పక్కన కూర్చుని, తల వంచుకుని మొదలుపెట్టాను.

"ఏంది బిడ్డా, ఇనవడ్తలేదు. మొఖం ఇటు పెట్టి జర గట్టిగ చెప్పు," అంది.

తల ఎత్తలేకపోయాను. గొంతూ లేవలేదు. ఏం లేదమ్మా అని లేచి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. రజితకు రావలసిన ఉద్యోగం నేను పోగొట్టాను. గొంతు బాగానే ఉందని ఆమెతో చెప్పి మరీ పోగొట్టాను. ఇంతమాత్రం రాసేసరికి కాస్త ఊపిరి ఆడుతోంది.