మందుపాల గ్లాసు

డెయిరీలో దూడలకు పాలు పట్టే ఆవిడను అందరూ ‘పేడ డాక్టరమ్మ’ అంటారు. పొద్దున రాగానే ప్రతి దూడ పేడనూ పుల్లతో కదిపి, వాసన చూసి, ఆ తర్వాతే పాలచుక్క మణికట్టు మీద వేసుకుని వేడి చూస్తుంది. ఆ రోజు మేనేజరు, పొదుగువాపుకు యాంటీబయాటిక్ సూదిమందు వేసిన ఆవుల పాలు వెచ్చబెట్టించి పంపాడు. ఆవిడ బకెట్టును కాలితో పక్కకు నెట్టింది.

“అమ్మడానికెలాగూ పనికిరావు, దూడలకు పోసెయ్యి,” అన్నాడు వెనకే వచ్చిన మేనేజరు.

“వాటి కడుపులో మంచి బాక్టీరియా ఇప్పుడిప్పుడే కాపురం పెడుతోంది సార్. ఈ మందుపాలు దాని కొంప ముంచుతాయి. దూడలకి పారుడు పట్టుకుంటుంది.”

“ఏం కాదులే!”

ఆవిడ ఆ పాలే గ్లాసు నిండా ముంచి ఆయన ముందుకు చాపింది. “ఏం కాదన్నారుగా. ముందు మీరు తాగండి.”

గ్లాసులో పాలు చల్లారిపోయాయి. ఆవిడ చెయ్యి మాత్రం దిగలేదు.