ఎలిశబెతవ్వ కోసం వేగం పెంచిన కార్డు

మా ఆయన సుకుమార్‌కి కోపం రాదు. మా ఇంటికి కావలసిన కోపమంతా నేనే పడాలి. మైపాడులో మాకో చిన్న వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఓణీల ఫంక్షన్లు ఆయనే తీస్తాడు, తీసినవాటిని కూర్చేదీ ఆయనే. వీడియో ఎప్పుడిస్తారని ఫోన్ చేసేవాళ్ళకు సర్దిచెప్పడం, ఆయన్ని తిట్టడం నా వంతు.

ఊళ్ళో అందరూ ఆయన్ని మెత్తని మనిషంటారు. నిజమే, మెత్తనే. పెద్దవాళ్ళెవరైనా ఏదైనా అడిగితే చాలు, అయ్యేపనా కాదా అని చూడకుండా సరే అనేస్తాడు. ఇంటికొచ్చాక ఆలోచించడం మొదలుపెడతాడు, అప్పటినుంచి నాకు మనశ్శాంతి ఉండదు.

ఈ ఎండాకాలం అలా అడిగింది మా వీధి చివరి ఎలిశబెతవ్వ. తల్లిలేని మనవరాలు మెర్లిన్‌ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆ పిల్ల పెళ్ళి నెల్లూరులో, ప్రార్థన మందిరంలో. పెళ్ళి దగ్గర పడ్డాక అవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగకూడదన్నారు. పెళ్ళయ్యాక జంట మైపాడు వచ్చి, అవ్వ దగ్గర భోంచేసి, పొద్దు వాలకముందే మనుబోలు అత్తవారింటికి వెళ్ళాలి. మర్నాడు అటునుంచి అటే పూణే, పెళ్ళికొడుకు ఉద్యోగం అక్కడ.

"నా బిడ్డ నా పక్కన కూసోనుండంగానే దాని పెండ్లి నేను చూడాల నాయనా. అది పొయినాక చూసి ఏం జేసుకునేది?" అంది అవ్వ.

"చూపిస్తా అవ్వా," అనేసి వచ్చాడు మా ఆయన.

ఫోన్లో అప్పటికప్పుడు చూపించొచ్చు కదా అన్నాను. ఆ చిన్న తెరలో అవ్వకు మనిషికీ స్తంభానికీ తేడా తెలియదట. పోనీ తీసింది తీసినట్టు టీవీలో పెట్టమన్నాను.

"మూడు కెమెరాలది మూడు ముక్కలుగా ఉంటాది. బొమ్మ ఒక చోట, మాట ఇంకో చోట. అట్టా చూపిస్తే అవ్వకేం తెలస్తది?" అన్నాడు. ఆయనకు కోపం రాదు కానీ పని దగ్గర రోషం ఉంది.

చిక్కంతా మా కంప్యూటరుతో. అందులో గ్రాఫిక్స్ కార్డని ఒకటుంటుంది, వీడియోలో బొమ్మల బరువంతా మోసేది అదే. మాది ఆ జాతిలో అన్నిటికంటే చిన్నది. అది పెళ్ళి వీడియో తయారుచేసేలోపు మెర్లిన్ పూణేలో కాపురం పెట్టేస్తుంది. కొత్తది కొనే తాహతు లేదు. అందుకని మా ఆయన ఉన్నదాన్నే కంపెనీవాళ్ళు పెట్టిన వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించాలనుకున్నాడు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. పేరు బాగుంది. పెంచగానే కార్డు పెనంలా కాలింది.

అప్పుడు వచ్చాడు మా తమ్ముడు రాజ్ కుమార్. పడవలకు ఐసు తోలుతుంటాడు. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా వాడు చెప్పే మందు ఐసే. కాలు బెణికినా అంతే, కరెంటు పోయినా అంతే.

"చేపలే చెడిపోకుండా ఉంటే కార్డెంత బావా?" అన్నాడు.

ఈయనకు ఆ మాట నచ్చింది. కంప్యూటరు పక్క తలుపు ఊడదీశారు. చేపల థర్మకోల్ పెట్టె నిండా ఐసు పోసి, దాని వెనకాల టేబుల్ ఫ్యాను పెట్టారు. కార్డు చల్లబడింది. బావా బావమరుదులు సముద్రాన్ని జయించినట్టు టీ తాగారు. గదంతా సొర చేప వాసన. నేను ముక్కు మూసుకుని తొంగిచూస్తే, కార్డు మీద చల్లటి కూల్‌డ్రింకు సీసాకు పట్టినట్టు నీళ్ళు పట్టాయి.

"ఏందయ్యా, అది చెమటలు పోస్తా ఉండాదే?" అన్నాను. అనే లోపే తెర నల్లబడింది.

అంతటితో ఆగారా! తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని ఎవరో అన్నారట, కార్డును తీసుకెళ్ళి నా మొలగొలుకుల బియ్యం డబ్బాలో పాతిపెట్టారు. వంటకు గ్లాసు పెట్టి బియ్యం తోడుతుంటే కార్డు తగిలింది. నేనేమన్నానో ఇక్కడ రాయను.

చివరికి నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే ముఖేష్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను, అతను తిట్టే తిట్లు చెవులారా వినాలని. ముఖేష్ కార్డు ఫ్యానులోంచి బియ్యపు గింజ ఒకటి పట్టకారుతో తీసి చేతిలో పెట్టాడు.

"అన్నా, సముద్రపు గాలికే దీని ఒళ్ళంతా ఉప్పు పట్టుండాది. దానికి తోడు ఐసా? అదృష్టం బాగుండి బతికింది," అన్నాడు. దుమ్ము, ఉప్పు తుడిచి, కార్డు వేడిని బయటికి లాగే పేస్టు ఎండిపోయి ఉంటే గీకేసి కొత్తది రాశాడు. "ఫ్యాను వేగం పెంచుకో. కార్డు వేగం మాత్రం రవంత పెంచు, బరువైన పనిచ్చి చూడు, వేడి చూడు, మళ్ళీ రవంత. తెర మీద చుక్కలొస్తే వెనక్కి రా. ఓల్టేజీ జోలికి మాత్రం పోబాక."

ఇది నాకు వెంటనే అర్థమైంది. పులుసులో ఉప్పు వేసే పద్ధతే కదా! ఈయన బుద్ధిగా అలాగే చేశాడు. ఒకచోట తెర నిండా పచ్చ చుక్కలు వచ్చాయి. వెనక్కి తగ్గాడు, కుదురుకుంది. తీరా చూస్తే అంత రభస చేసి పెరిగిన వేగం పదోవంతు కూడా లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. నెల్లూరు నుంచి ఈయన ఆటోలో పరుగున వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. జంట అవ్వ ఇంట్లో భోజనానికి కూర్చుంది. వీడియో ముందుకు జరగడం లేదు. ఆత్రం ఆగక, కుదురుగా ఉన్న వేగాన్ని దాటించి పెంచాడు. సరిగ్గా మెర్లిన్ ప్రమాణం చదివేచోట, ఆ పిల్ల మొహం మీద పచ్చ చుక్కలు చింది, అంతా ఆగిపోయింది.

వీధి చివర పెళ్ళికారు హారన్ కొట్టింది. ఆయన్ని తిడదామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసేశాను.

ఆయన వేగం మళ్ళీ కిందికి దించాడు. తర్వాత వీడియోని కోయడం మొదలుపెట్టాడు. డ్రోన్ పైకి లేచి మందిరం చుట్టూ తిరిగినది తీసేశాడు. మెల్లగా రాలే పూలు, మెరుపులు, రంగులు, ఆయన నెలల తరబడి నేర్చుకున్న హంగులన్నీ పోయాయి. కార్డుకు బరువు అవే. మెర్లిన్ నడిచి రావడం, ప్రమాణాలు, తాళి, పాస్టరు గారి ప్రార్థన, ఇవే మిగిలాయి.

"చివర్లో నీ పేరైనా వెయ్యవా?" అన్నాను.

"అవ్వకి నా పేరు తెలవదా ఏంది?" అన్నాడు.

పెన్‌డ్రైవ్ పట్టుకుని పరిగెత్తాం. మెర్లిన్ అప్పటికే గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది. టీవీలో పాట మొదలవగానే చెప్పులు విడిచి వచ్చి అవ్వ మంచం మీద కూర్చుంది. అవ్వ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రెప్ప వేయకుండా చూసింది. తాళి కడుతుంటే, పాస్టరు గారి కంటే ముందే ఆమెన్ అంది. వీడియో అయిపోయింది. అది మరీ చిన్నది.

"ఇంకోతూరి ఎయ్యి నాయనా," అంది అవ్వ.

బయట మళ్ళీ హారన్. మా ఆయన మెర్లిన్ వైపు చూశాడు. ఆ పిల్ల వేయమని తల ఊపింది.

రెండోసారి అవ్వ టీవీ చూడలేదు. మనవరాలి మొహమే చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. అది అయిపోయాక మూడోసారి వెయ్యమని అడిగింది మెర్లిన్.