పాకాల బస్సు ఎక్కనివాళ్లు

మా ఎకనామిక్స్ సారు మంగళవారం పొద్దున దవాఖానలో పోయారు. దుకాణం తెరుస్తుంటే పక్కింటాయన చెప్పాడు. తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో హన్మకొండ కాలేజీలో ఆయన దగ్గర చదివాను. మాకు ఆదివారాలు సెలవులు కావు. కాగితాలిచ్చి బస్టాండుకు తోలేవారు. పాకాల చెరువుకు పోయేదెవరు, రామప్పకు పోయేదెవరు, ఏ ఊరివాళ్లు, ఛార్జీ ఎంత, దానికోసం ఆ పూట కూలి పోగొట్టుకున్నారా, అన్నీ రాయాలి. చెరువు చూడ్డానికి టికెట్టు లేదు కదా, మరి దాని విలువ తెలిసేదెట్లా? మనిషి దానికోసం ఎంత దూరం, ఎంత కష్టం ఓర్చుకుని వస్తాడో చూడమనేవారు. ఆ లెక్కతో వచ్చే ఆదివారం ఏ బస్సు నిండుతుందో ముందే బోర్డు మీద రాసేవారు. చాలాసార్లు నిజమయ్యేది. అయినా పిచ్చి సారని నవ్వుకునేవాళ్లం, అందరికంటే ముందు నేనే.

"ఇష్టమా అని నోటిని అడగకు, కాళ్లను చూడు. నోరు అబద్ధమాడుతది, కాళ్లు ఆడవు" అనేవారు.

సారు భార్య, మేం అమ్మగారని పిలిచే ఆమె, ఎన్నడూ ఏ బస్సూ ఎక్కలేదు. "ఆమెకు తిరుగుడు ఇష్టముండదు" అని సారు తేల్చేశారు. జబ్బుతో మంచాన పడ్డాక ఆమె అడిగిందట: "ఒక్కపారి పాకాల చూపెట్టుండ్రి. పెండ్లయిన కాడికెల్లి అనుకుంటున్న." అప్పటికే లేచి కూర్చోలేకపోయేది. వారం తిరక్కుండానే పోయింది.

దినాలయ్యాక సారు క్లాసుకొచ్చి బోర్డు మీది లెక్కంతా తుడిచేశారు. "బస్సెక్కినోళ్లనే అడిగినం. ఎక్కనోళ్లకు మనసే లేదనుకున్న. నా ఇంట్లనే తప్పయింది" అన్నారు. ఆ ఆదివారం నుంచి మమ్మల్ని ఇళ్లకు పంపారు, ఎన్నడూ ఎక్కడికీ పోని ఆడవాళ్లను అడిగి రమ్మని. నేను మా ఇంటితోనే మొదలుపెట్టాను. మా అమ్మ చాటలో ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతూ తల వంచుకుని కూర్చుంది.

పోయిన నెల దవాఖానలో సారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్కసారి పాకాల తీస్కపోతవా? ఆమె కోసమన్న చూసొస్త."

"తప్పకుండ పోదాం సార్. జర ఎండలు తగ్గనీయుండ్రి" అన్నాను. అడ్డం ఎండలు కాదు, నా దుకాణం. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సారు నా మొహం చూడలేదు. అప్పటికే గుమ్మం వైపు తిరిగిన నా కాళ్లను చూస్తూ పడుకున్నారు.