మొవ్వు మీద గీత

ఒఫేలియా బర్రగాన్ అరిజోనాలోని మేసా అనే ఊళ్లో బడిపిల్లల బస్సు నడుపుతుంది. వెనక్కి తిరగకుండానే ఎవరు ఎవరి జడ లాగుతున్నారో చెప్పేసే రకం. అలాంటి మనిషిని అరవయ్యో యేట ఒక సందేహం పట్టుకుంది. అరిజోనా ఎడారిలో కొబ్బరి బతుకుతుందా?

బతకదని అందరూ తేల్చేశారు. ఎందుకు బతకదంటే మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. ఆవిడకి ఒళ్లు మండింది. అంగట్లో మొలకెత్తిన కాయ కొనుక్కొచ్చి, ఎండపడే గోడ వారన పాతింది. వేసవిలో పరదా కట్టింది. గొట్టంలో నిలిచిన నీళ్లు సలసలా కాగుతుంటాయి కాబట్టి, వాటిని పారబోసి చల్లనీళ్లు వచ్చాకే మొక్కకి పట్టేది. చలికాలం క్రిస్మస్ బల్బుల దండ చుట్టేది. ముట్టుకుంటే చురుక్కుమనే పాత గాజు బల్బులవి. మూడేళ్లకు మొక్క ఆవిడ భుజాల దాకా ఎదిగింది.

ఆ డిసెంబరులో భర్త రమీరో ఒక మంచిపని చేశాడు. పాత దండ పారేసి, మిలమిల్లాడే కొత్తది చుట్టాడు. జనవరిలో రెండు రాత్రులు మంచు పడింది. తెల్లారి ఒఫేలియా బల్బు మీద చెయ్యి వేసి చూసింది.

"ఇవేంటి, ఇంత చల్లగా ఉన్నాయి?"

"కొత్తరకం, ముసలీ. అస్సలు వేడెక్కవు, కరెంటు ఆదా!"

"వేడికోసమేగా నేను చుట్టేది! చలికి దుప్పటి అడిగితే రంగుకాగితం కప్పావు కదయ్యా!"

వారంలో ఆకులన్నీ మాడిపోయాయి. నడుమ విచ్చుకోని లేత మొవ్వు ఒక్కటే పచ్చగా మిగిలింది.

నలభై ఏళ్లుగా తాటిజాతి మొక్కలతోనే కాపురం చేస్తున్న డెల్బర్ట్ అనే పెద్దాయన మార్చిలో చూడడానికి వచ్చాడు. మొవ్వు పట్టుకుని మెల్లగా లాగాడు. ఊడి రాలేదు.

"కుళ్లలేదు. బతికిందనీ చెప్పలేను," అని, నల్ల కలంతో మొవ్వు మీద, దాని పక్క మట్ట మీద కలిపి ఒకే గీత గీశాడు. "మొవ్వు పెరిగితే దీనిమీది గీత పైకి పోతుంది. పోలేదా, ఇక్కడ మీ ఆయన్ని పాతుకో."

పదిహేను రోజులు గీత కదల్లేదు. ఉప్పు అందించమనడానికి తప్ప ఒఫేలియా మొగుడితో నోరు విప్పలేదు. ఆయన బీన్సు గిన్నెలో తల పెట్టుకుని తినేవాడు.

పదహారో రోజు పొద్దున గీత బియ్యపుగింజంత పైకి జరిగింది. ఆవిడ ఎగిరి గంతేసి డెల్బర్ట్‌కి ఫోన్ చేసింది. మర్నాడు ఇంకో గింజంత. ఇంట్లో మళ్లీ మాటలు మొదలయ్యాయి. అయినా ఆవిడ బుర్ర ఊరుకోలేదు.

"మబ్బేసినా, ఎండ కాసినా రోజూ ఒకే గింజంతేనా? వింతగా లేదూ?" అని అడిగింది.

"మొక్క కదా, పద్ధతిగా ఉంటుంది," అన్నాడు రమీరో, ఎటో చూస్తూ.

గీత కదలడం మొదలైన తొమ్మిదో రోజు తెల్లవారుతూనే పెరట్లోంచి కేక వినబడింది. ఒఫేలియా తల దువ్వుకుంటూనే పరిగెత్తింది.

"ముసలీ! ఇవాళ నేను గీయలేదు! ఒట్టు, ముట్టుకోనే లేదు! నిన్న పెట్టిన గీత దానంతటదే అర వేలెడు పైకెళ్లింది!"

ఆయన ఎడమచేతిలో తడిగుడ్డ, కుడిచేతిలో నల్ల కలం. ఏమన్నాడో అప్పటికిగానీ ఆయనకే తెలియలేదు. గుడ్డని వీపు వెనక దాచబోయాడు.

"ఎనిమిది రోజులూ నువ్వేనా?"

"నువ్వు మాట్లాడ్డం మానేశావు కదే," అన్నాడు.

ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపంతోనే వంగి చూసింది. గీత నిజంగానే పైకి పోయింది, దాని కింద కొత్తగా బయటపడ్డ మొవ్వు పాలవన్నెలో ఉంది. నిన్నటిదాకా మట్టల లోపల దాగి, రమీరో కలానికి అందని చోటు అది. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"కలం ఇటు తే. ఇకమీదట నేనే గీస్తా."

ఆయన మట్ట కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ గీసింది. గీత కాస్త వంకరపోయింది.