ఊగుడు టైలరు

నాట్యం బట్టలు కుట్టే ముసలి టైలరుని వీధిలో అందరూ ఊగుడు టైలరంటారు. పావడా కుట్టడం అయిందంటే దాన్ని తన బానపొట్టకే కట్టుకుని, అద్దం ముందు ఊగి చూస్తాడు. ఒక నాట్యానికి నడుం మెల్లగా పక్కకి ఒరగాలి, ఇంకోదానికి గిర్రున తిరిగి ఆగాలి. ఇదివరకు భార్య ఊగి చూపేది. ఆమె పోయాక ఆ పనీ ఆయనదే అయింది.

మొన్న ఒక కాలు పొట్టిగా ఉన్న పిల్ల ఏడుపు మొహంతో వచ్చింది. "ఊగితే పావడా ఒకపక్క నేలకి రాసుకుంటోంది తాతా. రేపే స్టేజీ, అందరూ నవ్వుతారు."

ఆయన ఒక చెప్పు విడిచేసి, పావడా కట్టుకుని, రెండో చెప్పుతోనే ఊగి ఊగి చూశాడు. ఆ పక్క అంచు రెండు వేళ్ల వెడల్పున మడిచి కుట్టాడు. పిల్ల కట్టుకుని ఊగింది. అంచు గీత గీసినట్టుంది.

"నా కుంటుడు ఏదీ తాతా?" అని నవ్వింది.

"నా దగ్గర ఉంచుకున్నాలే తల్లీ" అంటూ ఆయన ఒంటి చెప్పుతోనే గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి సాగనంపాడు.